ఆ మధ్యాహ్నం భోజనం

అరవై దాటినా ఆమె అందరికీ చిన్నమ్మాయే. పెద్దాయన ఇంట్లో రెండో కూతురని చిన్నప్పుడు ఎవరో అలా పిలిచారు. ఆ పిలుపు అలాగే అతుక్కుపోయింది. తోటమాలి, టికెట్లు ఇచ్చే అమ్మాయి, ఆమె కంటే ఎంతో చిన్నవాడైన కాపలా అతను, అందరూ "చిన్నమ్మాయిగారూ" అనే అంటారు. పెద్దమ్మాయి పెళ్లి చేసుకుని దూరపు ఊరికి వెళ్లిపోయింది. ఏడాదికోసారి తండ్రి పోయిన రోజున వచ్చి, కూడలిలో విగ్రహానికి దండ వేసి, ఫొటోలు దిగి, ఆ సాయంత్రం రైలుకే తిరిగి వెళ్లిపోతుంది.

పెద్దాయన అంటే ఒకప్పుడు ప్రభుత్వాన్ని గుప్పిట్లో పెట్టుకుని నడిపిన మనిషి. ఆయన పోయిన రోజున జనం తోసుకొచ్చి ఈ ఇంటి గేటు విరగ్గొట్టారు, ఒక్కసారి ముఖం చూడనివ్వమని. ఆ ఏడుపులు ఆరకముందే ఎన్నికలొచ్చాయి, పార్టీ ఓడిపోయింది. కొత్తగా వచ్చినవాళ్లు ఆఫీసు గోడల మీంచి ఆయన ఫొటోలు దింపించారు. పేపర్లలో ఆయన పేరుకు ముందు 'హంతకుడు' అనే మాట చేరింది. విగ్రహం నెత్తిన ఎవరో డబ్బాడు తారు కుమ్మరించి పోయారు. చిన్నమ్మాయికి అప్పుడే ఒక సంబంధం ఖాయమైంది. తారు పోసిన వారం తిరక్కుండానే మగపెళ్లివారు మొహం చాటేశారు. ఆమె మళ్లీ పెళ్లి ఊసెత్తలేదు, ఎత్తేవాళ్లూ లేకపోయారు.

తర్వాత కాలం ఇంకోసారి తిరగబడింది. పెద్దాయన పార్టీ మళ్లీ గెలిచింది. తారు గీకించారు. విగ్రహానికి నీడగా పైన కప్పు వేయించారు. బడిపిల్లల పుస్తకంలో ఆయన మీద పాఠం పెట్టారు. ఆయన ఉన్న ఇంటిని స్మారక భవనం చేసి, వెనకవైపు రెండు గదులు చిన్నమ్మాయికి వదిలారు. వచ్చినవాళ్లకి ఇల్లు చూపించే పని కూడా ఆమెకే ఇచ్చారు. ఆయన్ని నెత్తిన పెట్టుకున్నదీ జనమే, దించిందీ జనమే, మళ్లీ ఎత్తుకున్నదీ జనమే. చనిపోయినాయన మాత్రం ఇవేవీ ఎరగడు కదా అనుకునేది చిన్నమ్మాయి. అనుకునేదే గాని పైకి అనేది కాదు.

పుట్టి పెరిగిన ఇంట్లో ముందు గదులన్నీ ఎర్ర తాళ్ల వెనక్కి వెళ్లిపోయాయి. తను కూర్చుని చదువుకున్న బల్ల, అమ్మ కుట్టుమిషను, తండ్రి కళ్లజోళ్లు. వాటిలో ఒక జోడు అసలు ఆయనది కానే కాదు, అద్దాలపెట్టె బోసిగా ఉందని ఎవరో తెచ్చిపెట్టారు. ఒకసారి మోకాలు సలిపి ఆమె హాల్లో సోఫా మీద కూలబడితే, చూడ్డానికి వచ్చిన ఓ చిన్నపిల్ల దగ్గరికొచ్చి, "బామ్మా, ఇక్కడ కూర్చోకూడదు, అక్కడ రాసుంది చూడు," అంది. "నిజమేనమ్మా, చూసుకోలేదు," అని చిన్నమ్మాయి లేచి నిలబడింది.

హాలు గోడకి ఒక మీట ఉంది. నొక్కితే పెద్దాయన ఉపన్యాసం వినిపిస్తుంది. "నా అక్కల్లారా, అన్నల్లారా" అంటూ గుండెలో చెయ్యిపెట్టి కదిలించినట్టుండే గొంతు. వచ్చిన ప్రతివాళ్లూ నొక్కుతారు. ఆ గొంతుతో ఆయన ఇంట్లో ఎన్నడూ మాట్లాడలేదు. ఇంట్లో ఆయన మాటలు "చదువుతున్నావా?", "ఆ లైటు ఆర్పు", "మీ అమ్మేది?" అంతే.

భోజనాల గదిలో పొడుగాటి బల్ల, దాని చివర పెద్దాయన కుర్చీ. కుర్చీ వెనక గోడకి ఇత్తడి పలక. రేవులో సమ్మె చేస్తున్న కూలీల మీద పోలీసు కాల్పుల వార్త విన్న రోజున పెద్దాయన ఈ కుర్చీలోంచే ముద్ద ముట్టకుండా లేచిపోయారనీ, ఆ రోజంతా పస్తున్నారనీ దాని మీద చెక్కి ఉంది. బడి పుస్తకంలో పాఠం ముగిసేది కూడా ఆ మాటతోనే. చిన్నమ్మాయి అన్ని గదుల గురించీ ఓపిగ్గా చెప్పేది. ఆ పలక దగ్గరకొచ్చేసరికి మాత్రం, "అక్కడ రాసుంది, చదువుకోండి, నేను మంచినీళ్లు తాగొస్తాను," అని తప్పుకునేది. ఏళ్ల తరబడి అలాగే గడిపింది. ఆమెకి ఎందుకంత దాహమని ఎవరూ అడగలేదు.

వాన రాబోయే ముందు ఉక్కపోసే రోజుల్లో, జనం పల్చగా ఉన్న ఒక మధ్యాహ్నం ఒకావిడ ఒంటరిగా వచ్చింది. వయసు చిన్నమ్మాయిదే ఉంటుంది. మీట నొక్కలేదు. కళ్లజోళ్ల వంక చూడలేదు. భోజనాల గది ఎటని అడిగి నేరుగా అక్కడికే వెళ్లి తాడు దగ్గర నిలబడింది. గుడ్డసంచిలోంచి కాగితంలో చుట్టిన తెల్లపూలు తీసింది.

"ఈ కుర్చీలో పూలు పెట్టొచ్చా అమ్మా?"

"పూలు హాల్లో ఫొటో దగ్గర పెడతారండీ అందరూ."

"ఫొటో దగ్గర కాదు. కుర్చీలోనే పెట్టమంది మా అమ్మ. పోయే ముందు మాట తీసుకుంది."

మామూలుగా అయితే చిన్నమ్మాయి కుదరదనేదే. ఆవిడ మొహం చూసి అనలేకపోయింది. "మీది ఏ వీధి?" అని అడిగింది.

"రేవు వీధి."

ఆ మాట విని చిన్నమ్మాయి అలవాటుగా మంచినీళ్లకని కదలబోయి ఆగింది. వచ్చినావిడ మాత్రం పక్కింటి సంగతి చెబుతున్నంత తాపీగా చెప్పుకుపోయింది.

"మా నాన్న రేవులో బస్తాలు మోసేవాడు. సమ్మెలో మిగతా కూలీలతోపాటు గేటు దగ్గర కూర్చున్నాడు. అమ్మకి ఒంట్లో బాగోలేక నేనే వండాను. క్యారియరు నేనే తీసుకెళ్లాలి. ఎండగా ఉందని బద్ధకించి తమ్ముణ్ణి పంపాను. నాన్నకి ఏమీ కాలేదు. వాడికి తూటా తగిలింది. క్యారియరుకి కూడా ఏమీ కాలేదమ్మా, మూత కూడా ఊడలేదు. ఎవరో ఇంటికి తెచ్చిచ్చారు."

ఆవిడ పూలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"అప్పట్నించీ మా అమ్మ మధ్యాహ్నం పూట తినడం మానేసింది. రోజూ ఆ వేళకి వాకిట్లో కూర్చుని మీ పెద్దాయన్ని తిట్టేది. ఏమనుకోకండి. ఆయన పోయినప్పుడు ఊరంతా ఏడ్చింది, అమ్మ తలుపేసుకుంది. విగ్రహానికి తారు పోసినప్పుడు పనిగట్టుకుని చూసొచ్చింది. చూసొచ్చినా మధ్యాహ్నం తిండి తినలేదు. అలా ముసలిదైపోయింది. ఒకరోజు మా మనవరాలు పాఠం పైకి చదువుతోంది. పెద్దాయన ఆ రోజు ముద్ద ముట్టకుండా లేచిపోయారు అని. అమ్మ, ఏదీ మళ్లీ చదువు అంది. మళ్లీ చదివింది. 'అయితే ఆయనా తినలేదా?' అంది. ఆ మధ్యాహ్నం కంచం పెట్టించుకుంది. ఇంక చివరిదాకా మూడు పూటలా తిన్నది. పోయిన నెలలో పోయింది."

హాల్లో ఎవరో మీట నొక్కినట్టున్నారు. అక్కల్లారా, అన్నల్లారా అంటూ గొంతు గోడలు దాటి వచ్చింది. చిన్నమ్మాయి తాడు కొక్కెం మీద చెయ్యి వేసింది. ఎత్తితే చాలు. ఆవిడ పూలు పెట్టి, దణ్ణం పెట్టుకుని వెళ్లిపోతుంది.

వచ్చినావిడ పలక వంకా కుర్చీ వంకా చూసి అడిగింది. "మీరు పెద్దాయన అమ్మాయే కదా? ఆ రోజు ఇంట్లో ఉన్నారా?"

ఇన్నేళ్లలో ఎంతోమంది వచ్చారు. మంత్రులొచ్చారు, పుస్తకాలు రాసేవాళ్లొచ్చారు. ఆ ఒక్క ప్రశ్నా ఎవరూ అడగలేదు.

"ఉన్నాను."

"అయితే చూసుంటారు. ఎలా లేచారమ్మా? ముద్ద చేతిలో ఉండగానే లేచారా? మా అమ్మ ఎప్పుడూ అదే అడిగేది, ఎలా లేచుంటాడో అని."

చిన్నమ్మాయి కొక్కెం మీంచి చెయ్యి తీసేసింది.

"లేవలేదండీ," అంది.

ఆవిడకి అర్థం కాలేదు. చిన్నమ్మాయి చెప్పడం మొదలుపెట్టాక ఆపుకోలేకపోయింది. "ఫోను నేనే ఎత్తాను. గేటు దగ్గర అంతా అయిపోయింది, కొందరు పడిపోయారు, నాన్నగారితో చెప్పమన్నారు. నాన్న ఇక్కడే, ఈ కుర్చీలో, సగం భోజనంలో ఉన్నారు. వచ్చి చెప్పాను. 'సరే' అన్నారు. అమ్మ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన కంచం వంక చూసి, ఇంకో చేపముక్క వెయ్యమన్నారు. అమ్మ వేసింది. మొత్తం తిని, చెయ్యి కడుక్కుని, కారెక్కి వెళ్లిపోయారు."

"కాల్చమన్నది ఆయనేనా?"

"అది నేను వినలేదండీ. పొద్దున్నుంచీ తలుపేసుకుని ఫోన్లు మాట్లాడారు. విననిది చెప్పలేను."

"ముఖం ఎలా ఉంది?"

"ఆ ముఖాన్ని ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నానో. ఏదైనా దొరుకుతుందేమో అని వెతికాను. ఏమీ దొరకలేదు. ఆ తర్వాత మాత్రం రేవు రోడ్డు మీదుగా ఎన్నడూ కారు పోనివ్వలేదు. చుట్టు తిరిగి వెళ్లేవారు. అది భయమో సిగ్గో నాకు తెలీదు."

"భయమే అయ్యుంటుంది."

"అయ్యుండొచ్చు."

ఆవిడ పూలను మళ్లీ కాగితంలో చుట్టింది. "ఎందుకు చెప్పారు నాకు?"

"మీరు అడిగారు."

"అడిగితే? లేచారమ్మా అని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయింది?" సంచి భుజాన వేసుకుని, మెట్ల మీద కాలు తడబడినా ఆగకుండా వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం చిన్నమ్మాయి స్మారక కమిటీ అధ్యక్షుడికి ఫోను చేసింది. ఆయన ఒకప్పుడు పెద్దాయన సెక్రటరీ. ఆమెకి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ బాబాయే. మర్నాడు చేతికర్ర తాటించుకుంటూ వచ్చాడు. ఆమె వెనక గదిలో ఉన్న ఒకే కుర్చీలో ఆయన కూర్చున్నాడు. ఆమె మంచం అంచున కూర్చుంది.

"పలక తీసేద్దాం బాబాయ్. ఆయన తిన్నారు. నాకు తెలుసు, నీకూ తెలుసు."

"నాకెందుకు తెలీదు తల్లీ, ఆ మాట రాసింది నేనే." ఆయన ఏమీ తడుముకోలేదు. "విగ్రహం మీద తారు ఎవరు గీకారనుకున్నావు? నిచ్చెనేసుకుని నేను ఎక్కాను. చెవుల్లో తారు, కళ్లల్లో తారు. మనకంటూ ఒక్క మనిషి సాయం రాలేదు. ఆ నిచ్చెన మీదే అనుకున్నాను, మళ్లీ ఎవడూ ఈయన మీద చెయ్యి వెయ్యకుండా చెయ్యాలని. ఎన్ని ఆస్పత్రులు కట్టాడు! ఎన్ని బడులు పెట్టాడు! అంత మనిషినీ ఒక్క చేపముక్కతో తూస్తావా?"

"తూయడం లేదు. తిన్న మనిషిని తినలేదనొద్దు అంటున్నాను. పోనీ ఏమీ రాయొద్దు. ఖాళీగా వదిలెయ్."

"ఖాళీగా వదిలితే అవతలవాళ్లు రాస్తారు." కర్ర మీద గడ్డం ఆనించాడు. "నిన్న వచ్చినావిడ సంగతి చెప్పావు కదా. ఆ ముసలామె నా అబద్ధం విని అన్నం తిన్నది. నీ నిజం ఎవరి కడుపు నింపింది చెప్పు?"

బాబాయి ఓడించానన్న సంతోషమేమీ లేకుండా ఆమె తల మీద చెయ్యి వేసి నిమిరి వెళ్లిపోయాడు.

జవాబు లేకపోయినా ఆమె ఆగలేకపోయింది. కొన్నాళ్లు ఆ గదిలోకి వెళ్లి ఊరికే నిలబడి వచ్చేది. తర్వాత ఒక పొద్దున, గేటు తెరవకముందే, తోటమాలి దగ్గర స్క్రూడ్రైవరు అడిగి తెచ్చి పలక ఊడదీసింది. గోడ మీద తెల్లటి చదరం మిగిలింది. పలకని దుప్పట్లో చుట్టి, బస్సెక్కి, కమిటీ ఆఫీసులో తనే ఇచ్చి వచ్చింది. "తీసింది నేనే. ఎవర్నీ అనకండి," అని చెప్పింది.

విషయం ఎలా పొక్కిందో గాని, అవతలి పార్టీ పేపరు నుంచి ఒక విలేకరి వచ్చాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "మీ నాన్నగారు రాక్షసుడని మీ నోటితో ఒక్క మాట అనండి మేడమ్, చాలు."

"మా అక్కకి టైఫాయిడ్ వస్తే మా నాన్న తడిగుడ్డ వేస్తూ పక్కనే కూర్చున్నారు, వారం రోజులు ఆఫీసుకి కూడా వెళ్లలేదు. అది కూడా రాస్తావా?"

అతను నవ్వి కలం మూత పెట్టేశాడు. రెండు రోజుల తర్వాత వాళ్ల పేపర్లో 'కన్నకూతురే కడిగేసింది' అని వచ్చింది. కింద ఆమె అనని మాటలు చాలా ఉన్నాయి. టైఫాయిడ్ సంగతి లేదు. పెద్దాయన పార్టీ కుర్రకారు గేటు దగ్గర గొడవ చేశారు. అక్క ఫోను చేసి, "నాన్న పరువు గంగలో కలిపావు కదే," అని, ఇవతలి మాట వినకుండానే పెట్టేసింది. కమిటీ కొత్త పలక చేయించింది, పాతదానికంటే పెద్దది. శతజయంతికి ఫొటోల ప్రదర్శన పెట్టాలనీ, వెనక గదులు కావాలనీ చిన్నమ్మాయితో చెప్పించారు. ఆ చెప్పడం కూడా కసురుకోకుండా, చల్లగా చెప్పారు. కసురుకున్నా బాగుండేదనిపించింది ఆమెకి.

బట్టలూ రెండు గిన్నెలూ సర్దుకుంది. వంటింట్లో అల్మారాలో ఉన్న అమ్మ గాజుగ్లాసు ఒక్కటి తీసుకుంటానని అడిగితే, టికెట్ల అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని, "అది ప్రదర్శనలో వస్తువండీ, నా ఉద్యోగం పోతుంది," అంది. "పోనీలేమ్మా," అని చిన్నమ్మాయే ఆ పిల్లని ఓదార్చింది.

మార్కెట్టు వెనక మేడమీద ఒక గది అద్దెకి దొరికింది. కింద టైర్లకి పంక్చర్లు వేసే దుకాణం. ఇంటివాళ్లకి ఆమె ఎవరో తెలియదు. ఆమెకి మొదట్లో అది హాయిగానే ఉంది. తర్వాత, పొద్దున్నించి పొద్దుపోయేదాకా ఎవరితోనూ మాట్లాడని రోజులు మొదలయ్యాయి. గొంతు ఉందో లేదో చూసుకుందామని ఒకసారి ఉత్తినే దగ్గింది. ఆయన్ని పూజించేవాళ్లకి ఆమె ద్రోహి. తిట్టేవాళ్లకి పనికిరాని మనిషి. ఆయన్ని మామూలుగా, నాన్నలాగా తలుచుకునేవాళ్లు ఈ ఊళ్లో ఇంకెవరూ మిగల్లేదు. అమ్మ ఉంటే బాగుండు. గిన్నె పట్టుకుని నిలబడిన ఆ క్షణం అమ్మకి ఏమనిపించిందో ఎన్నడూ అడగలేదు. ఇద్దరూ ఒకే చోట నిలబడి ఒకే సంగతి చూశారు, బతికినన్నాళ్లూ ఒకరితో ఒకరు ఆ మాటెత్తలేదు.

ఒక ఆదివారం ఆమె బస్సెక్కి రేవు వీధికి వెళ్లింది. తండ్రి కారు ఎన్నడూ వెళ్లని ఆ రోడ్డు మామూలు రోడ్డే. ఉప్పు పట్టిన గోడలు, ఎండబెట్టిన వలలు, సైకిళ్లు. కాల్పుల్లో తమ్ముణ్ణి పోగొట్టుకున్నావిడ ఇల్లెక్కడని అడగడానికి నోరు రాక, "ఈ మధ్య పెద్దామె ఒకరు పోయారు, వాళ్లిల్లు..." అని అడిగింది. చూపించారు.

తలుపు తీసినావిడ గుర్తుపట్టింది. లోపలికి రమ్మనలేదు. "మళ్లీ ఏం చెప్పడానికొచ్చారు?"

"చెప్పడానికేం లేదండీ. ఇంకెక్కడికి వెళ్లాలో తెలీలేదు."

ఆవిడ ఎగాదిగా చూసి, గుమ్మానికి అడ్డు తప్పుకుంది. ఒకటే గది, వెనక వంటిల్లు. గోడ మీద వాళ్లమ్మ ఫొటో ఉంది. చిన్నమ్మాయి కళ్లు ఇంకో ఫొటో కోసం వెతకడం చూసి ఆవిడే చెప్పింది. "తమ్ముడిది లేదు. ఎప్పుడూ తీయించలేదు. వాడి ముఖం నాకొక్కదానికే గుర్తుంది. ఈ మధ్య నాకూ సరిగ్గా రావడం లేదు."

నీళ్లిచ్చింది. ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చుంది.

"మీరు చెప్పింది మా పిల్లలకి చెప్పాను. ఎప్పటి సంగతో కదా, వదిలెయ్యమ్మా అన్నారు. వాళ్ల తప్పు కాదు. అమ్మ ఉంటే అమ్మకి చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు. ఇప్పుడు నేనొక్కదాన్నే అది మోసుకు తిరగాల్సొచ్చింది. మీ మీద ఒళ్లుమండిపోయింది నాకు."

"నేనూ అలాగే కదండీ మోశాను. అయినా మీకు అంటగట్టి ఉండకూడదేమో."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ రోజు మీరు తిన్నారా?"

చిన్నమ్మాయి ఇది ఎవరికీ చెప్పలేదు. తనకి తనే చెప్పుకున్నది కూడా తక్కువ. "తిన్నాను. నాన్న వెళ్లాక అమ్మ కంచం పెట్టింది. తిన్నాను. పడిపోయారంటే చచ్చిపోవడమని నాకు సాయంత్రందాకా తెలీలేదు. అనుమానం మాత్రం వచ్చింది. అయినా తిన్నాను."

"నేనూ తిన్నాను," అంది ఆవిడ. "వాడు క్యారియరు పట్టుకుని సందు మలుపు తిరగ్గానే కంచం పెట్టుకు కూర్చున్నాను. ఆకలేసింది. కడుపునిండా తిన్నాను. అమ్మకి తెలీదు."

చిన్నమ్మాయికి ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది గాని, పట్టుకోలేదు. ఎండ గుమ్మంలోంచి గోడ మీదికి పాకేదాకా అలాగే కూర్చున్నారు.

బస్సు వేళయిందని చిన్నమ్మాయి లేచింది. ఆవిడ చెప్పులేసుకుని సందు చివరిదాకా వచ్చింది. మళ్లీ రమ్మని ఆవిడ అనలేదు, వస్తానని ఈమె అనలేదు. బస్సులో సీట్లన్నీ ఖాళీగానే ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చుని తల తిప్పి చూసేసరికి ఆవిడ అప్పటికే వెనక్కి మళ్లి, గోడ వారగా, మెల్లగా నడిచిపోతోంది. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు. ఒక్క క్షణం ఆమెకి ఏం చెప్పాలో తోచలేదు. తర్వాత, మార్కెట్టు దగ్గర దిగుతానని చెప్పింది.